మెల్టన్ నల్లరేగడి

మొదటి పదినెలలు నా ఉద్యోగం ఒక పలక.
ఒకవైపు ఎరుపు: ఆగు.
తిప్పితే పసుపు: మెల్లగా.
మెల్టన్ హైవే పక్కన, ఉత్తరపు గాలి
నోట్లో దుమ్ము కొడుతుంటే
పాల లారీలనీ, బడికి ఆలస్యమైన తల్లులనీ
ఆపాను, వదిలాను. ఆపాను, వదిలాను.
సివిల్ డిప్లొమా కాగితం
అద్దెగదిలో సూట్‌కేసు అడుగున
చీర మడతలో నలక్కుండా పడుకుంది.

పలక పట్టినవాళ్లు రోడ్డే చూడాలి.
నేను వెనక్కి చూసేదాన్ని.
కందకం ఎంత లోతు తవ్వారు,
చువ్వలు ఎన్ని కట్టారు,
కట్టినవాడు వంగి మళ్లీ చూశాడా, లేదా.
ఒకరోజు పెద్దమేస్త్రీ ద్రాగో అడిగాడు:
"ఏం పోగొట్టుకున్నావక్కడ?"
"ఆ మూల వంకరగా ఉంది" అన్నాను.
రసమట్టం పెట్టి చూశాడు.
బుడగ నా పక్షాన సాక్ష్యం చెప్పింది.
ఒక బూతు తిట్టాడు, నన్ను కాదు, మూలని.
మర్నాడు నా చేతిలో కొలతటేపు పెట్టాడు.

అంతా ఒక్క బుడగతో అయిపోయిందనుకోకండి.
రెండేళ్లు ఇటుకముక్కలు ఎత్తాను.
సన్‌షైన్‌లో రాత్రి క్లాసులు;
పక్క బెంచీలో టోంగా కుర్రాడు సియోనే
కళ్లు మూసుకుని కూడా నోట్సు రాసేవాడు.
బూట్లు మగవాళ్ల సైజులే దొరికేవి,
రెండు జతల మేజోళ్లతో పాదాలను పెంచుకున్నాను.
చొక్కా మీద పేరు మారాక కూడా
తలుపులవాడూ, ప్లంబరూ, కౌన్సిల్ మనిషీ
"సూపర్‌వైజర్ ఎక్కడ?" అని నన్నే అడిగేవాళ్లు.
"వస్తుంది" అనేదాన్ని.
ఐదు నిమిషాలాగి
"వచ్చింది" అనేదాన్ని.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు.
పెళ్లి ఒకటే. దాని మరమ్మతులు వేరే కథ.
ఇళ్లు మాత్రం నలభై మూడు.

ఇక్కడి మట్టి నాకు పాత పరిచయం.
కోయిలకుంట్లలో పత్తి పండించే నేలకి
వరసకి చెల్లెలు.
తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది.
దీని మీద ఇల్లు కట్టడమంటే
నిద్రపోతున్న గేదె వీపు మీద
నిండుపళ్లెం పెట్టడం.

పదిహేడో నంబరు ప్లాటు. జూలై నెల.
తనిఖీ అయింది, సంతకం పడింది.
రాత్రంతా వాన.
పొద్దున ఏడింటికి కాంక్రీటు లారీ వచ్చి నిలబడింది
కడుపు తిప్పుకుంటూ.
వంగి టార్చి వేశాను.
చువ్వల కింద బిళ్లలు జారిపోయి
ఇనుము బురదలో బోర్లా పడుకుంది.
పైన పోసేస్తే ఎవరికీ కనబడదు.
మధ్యాహ్నానికి నాకు కూడా.

"సంతకం ఉందిగా" అన్నాడు డ్రైవరు.
"ఉంది. వానకి ముందుది."
ఫోన్లో యజమాని: "లారీ డబ్బు ఎవరిస్తారు?
ఎవరిస్తారో చెప్పు."
దానికి నా దగ్గర జవాబు లేదు.
పలక కూడా లేదు.
అరచెయ్యి ఎత్తాను.

లారీ వెనక్కి తిరుగుతూ చేసిన కీచుకీచు
వీధి చివరిదాకా వినబడింది.
ఆ వారం టీ వేళకి
నా బల్ల దగ్గర కుర్చీలన్నీ ఖాళీ.
ద్రాగో ఒక్కడు వచ్చి, ఏమీ అనకుండా,
తన బిస్కెట్లు తనే తిని వెళ్లాడు.

సోమవారం అదే లారీ. అదే మనిషి.
అద్దం దించి అడిగాడు:
"ఇవాళైనా పోయొచ్చా, బాస్?"
ఆ బాస్ ఎగతాళో, మర్యాదో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
బిళ్లలు ఇంకోసారి లెక్కపెట్టి
"మెల్లగా" అన్నాను.

మొన్న అటుగా వెళ్తూ
పదిహేడో నంబరు ముందు కారు నెమ్మది చేశాను.
కిటికీ మూలల్లో పగులేమైనా పాకిందా అని
మెడ సాచి చూస్తుంటే
లోపల్నుంచి ఎవరో బుడ్డోడు
అద్దానికి ముక్కు ఆనించి
నన్ను వెక్కిరించాడు.